ఈతరాని బావ చేతి నీళ్ల వాచ్

మా బావ పోయిండు. మిర్యాలగూడల ఒక రైస్‌మిల్లుకు మోటర్ బిగించనీకి పోయి, పని అయినంక చాయ్ తాగుకుంట కుర్చీలనే ఒరిగిండట. మిల్లోళ్లు దవాఖానకు తీస్కపోయిండ్రు గని అప్పటికే ఖతమైందని డాక్టర్ చెప్పిండు. మా అక్క కొడుకు, అంటే నా అల్లుడు, ఆడికెల్లి ఫోన్ చేసి "మామా, నాయిన లేడు" అన్నడు. నేను సూర్యాపేటల నా ఫొటో స్టూడియోల ఒక పెండ్లి ఆల్బం పేజీలు పేర్చుకుంట కూసున్న. స్టూల్ మీద అట్లనే ఉండిపోయిన. ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, ఆ ఏడుపు ఎంబడే ఇంకోటి కూడ వచ్చింది. ఇగ ఆ వాచ్ ఎవలికి పోతదో అనుకున్న.

ఛీ, ఏం మనిషివి అనుకుంటరు మీరు. అనుకోండి. మా బావ గురించి రాయాలంటే నా కడుపుమంట గురించి రాయక తప్పది. మా సుట్టరికంల సగం అదే. ఆయనకు కూడ తెలుసు, నేను దాసిపెట్టిందేం లేదు.

బావది కోదాడ పక్కన చిలుకూరు. ఎవుసం ఇంట్ల పుట్టి, కోదాడల బోరు మోటర్ల దుకాణం పెట్టిండు. నీళ్లల్ల మునిగి నడిచే మోటర్లు అమ్ముడు, బోర్లల్ల దింపుడు, కాలిపోతే పైకి గుంజి బాగుచేసుడు ఆయన పని. మాది మోతె. సంబంధం సూసొచ్చిన నాడే మా నాయిన "పిలగాడు బంగారం" అన్నడు. నన్ను ఇత్తడని కూడ ఎన్నడు అనలే. గాడ మొదలైంది మంట. ఇంట్ల ఏ పని పడ్డా నాయిన నోట్ల ఒకటే మాట, అల్లున్ని అడుగు. పొలంల బోరు యాడ ఎయ్యాలె? అల్లున్ని అడుగు. నా స్టూడియోకు ఏ రంగు బోర్డు పెట్టాలె? గది కూడ అల్లున్నే అడగాలె. అడిగితే చెప్పిండు. ఆ రంగే బాగ కుదిరింది, అదింకో మంట.

ఒక ఎండకాలం కోదాడ సుట్టుపక్కల బోర్లల్ల నీళ్లన్ని అడుగుకు పోయినయి, మోటర్ల గిరాకి బాగ నడిచింది. ఆ ఏడు బావ నన్ను హైదరాబాద్ తోలుకపోయిండు. "ఫొటోలు తీసేవాడివి, ఏది బాగుంటదో నీకు తెలుస్తది, నాతో రా" అన్నడు. పోయింది పెద్ద పెద్ద వాచ్‌ల షోరూంకు. నేను ఇస్త్రీ అంగి ఏసుకున్న. బావ చొక్కాకు ఎప్పటి లెక్కనే గ్రీజు మరక. షోరూం ఆయన కొనేది నేనే అనుకొని వాచ్ తెచ్చి సీదా నా చేతికి పెట్టిండు.

సముద్రంల లోతుకు దిగేటోళ్లు పెట్టుకునే వాచ్ అది. ఎనుకటి జమాన డిజైన్‌ను మళ్ల కొత్తగ చేసిండ్రట. ఉబ్బెత్తు గ్లాసు, నల్లటి మొకం, సుట్టూ రంపపు పండ్లసొంటి అంచున్న, తిరిగే రింగు. గంటల గుర్తులు కొత్తయే అయినా పాత పుస్తకం పేజీ తీరుగ పచ్చబడ్డట్టు చేసిండ్రు. లోపల మాత్రం ఇయ్యాలటి మిషిన్. బ్యాటరీ ఉండది, కీ ఇచ్చే పని లేదు. చెయ్యి ఆడుతుంటే దానంతటదే నడుస్తది, చెయ్యి ఆడకుంటే రెండు దినాలకు ఆగిపోతది. చీకట్ల పెడితే ముండ్లు మెరుస్తయి. "సార్, మీరు డైవింగ్ చేస్తారా?" అని ఆయన నన్నడిగిండు. నేను నోరు తెరిచే లోపట్నే బావ ఎనక నుంచి, "దూకేది ఆయనే. నేను మోటర్లు దింపుతా. వాచ్ మాత్రం నాకు" అన్నడు. నా చేతికున్నది తీసి బావ చేతికి పెట్టిండ్రు. ఆ బరువు ఇప్పటికి నాకు యాదికున్నది. సూర్యాపేట వచ్చేదాక నేను బావతోని సరిగ మాట్లాడలే.

ఆయన మాత్రం దారెంబడి చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి సూసుకుంట, "పాత మొకం, కొత్త పాణం. మనిషన్నోడు అట్టా ఉండాలిరా" అన్నడు. అట్లనే ఉండె. లుంగి, తెల్ల చొక్కా, మాట మర్యాద అంత తాతలనాటిది. సోలార్ మోటర్ వచ్చిందంటే కోదాడల అందరికన్న ముందు అది ఇప్పి సూసేటోడు కూడ ఆయనే.

వాచ్ సూసి మా నాయిన "ఏం అల్లుడు, మీ తాతదా ఇది?" అన్నడు. నాకు పాణం లేసొచ్చింది. ఇంత ధర పెట్టి కొంటే పాతదనుకుండ్రు, తిక్క కుదిరింది అనుకున్న. బావ జర కూడ చిన్నబోలే. "అవును మామా, తాతదే" అన్నడు. నాయిన మోతెల ఇల్లిల్లు తిరిగి, మా అల్లుడు తాత గుర్తును పారెయ్యకుంట చేతికి పెట్టుకున్నడు, ఇప్పటి పోరగాండ్లకు అంత బుద్ధుంటదా అని చెప్పొచ్చిండు. ఆఖరుకు అబద్ధంల కూడ పేరు ఆయనకే వచ్చింది.

మా ఇండ్లల్ల ఏ పెండ్లయినా ఫొటోలు నాయే. తీసేది నేను, మెరిసేది ఆయన. తలంబ్రాలు పోస్తున్న పిల్ల మీద లైట్ పెడితే ఎనకున్న బావ చెయ్యి మెరిసేది. బావా, జర చెయ్యి కిందికి దించు అంటే దించేటోడు, మళ్ల ఎవరో పలకరిస్తే ఎత్తేటోడు. ఆ రింగు తిప్పుడు ఆయనకు ఒక అలవాటు. బోరు మోటర్ ఆన్ చెయ్యంగనే రింగు తిప్పి పెట్టి, నీళ్లు ఎంతసేపు ఆగకుంట వస్తయో సూసి రైతుకు చెప్పేటోడు. సుట్టాలు "ఇగ పోయొస్తం" అనంగనే కూడ తిప్పేటోడు. వాళ్లు గడప కాడ నిలబడి, వాకిట్ల నిలబడి, బండి మీద కూసొని కూడ ముచ్చట పెట్టి ఎప్పటికో పోయినంక, చెయ్యి ఎత్తి మా అక్కకు చూపెట్టేటోడు. అక్క కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. మొగడు పెండ్లాలు అట్ల నవ్వుకుంటుంటే సూడనీకి నాకు ఎంత కుళ్లు ఉండెనో మీకు చెప్తలేను.

అసలు ముచ్చట ఏందంటే బావకు ఈత రాదు. చిన్నగున్నప్పుడు కాల్వల కొట్టుకపోతుంటే ఎవరో జుట్టు పట్టి గుంజిండ్రట. అప్పటికెల్లి మోకాళ్లు దాటి నీళ్లల్ల దిగలే. "నీళ్లంటే భయమున్నోడికి నీళ్ల వాచ్ ఎందుకు బావా?" అని ఒకసారి ముల్లు గుచ్చినట్టే అడిగిన. "భయమున్నోడికే కావాలి. ఈతొచ్చినోడికి ఏ వాచ్ అయితే ఏంది?" అన్నడు. నేను మా మోతె బాయిల దుంకుతుంటే ఆయన ఒడ్డు మీద చెట్టు పట్టుకొని నిలబడి సూసేటోడు. "నిన్ను చూస్తే నాకు కుళ్లురా బామ్మర్దీ. నీకు ఈతొచ్చింది, నాకు వాచొచ్చింది. ఒక్కడికి రెండు ఎందుకివ్వడో ఆ దేవుడు" అనేటోడు. కుళ్లు అన్న మాట అంత నవ్వు మొకంతోని అనొచ్చని నాకు ఆయన్ని సూసే తెలిసింది. నేను ఎన్నడూ అట్ల అనలేకపోయిన.

ఒకనాడు ఆయనే వాచ్ తీసి నా చేతికి పెట్టిండు. "పెట్టుకొని దూకు. పాపం, దానికి ఒక్కసారైనా నీళ్లు చూపించు" అన్నడు. దుంకిన. లోతుకు పోయిన కొద్ది ఎలుగు తగ్గి, నా చేతి మీద ముండ్లు పచ్చగ మెరిసినయి. ఆ బాయిల అడుగున అది నాది. బావ లేడు, నాయిన లేడు, "అల్లున్ని అడుగు" అనేటోడు లేడు. ఊపిరి ఉన్నంతసేపు ఆడనే ఉన్న. పైకొచ్చి సూస్తే బావ మెట్ల మీద సగం దాక దిగిండు, లుంగి తడిసింది, మొకంల నెత్తురు సుక్క లేదు. "వాచ్‌కేం కాలే" అన్న నేను. "వాచ్ గంగలో కలవనీ, నువ్వెక్కడ పోయావురా? నేను దిగి తియ్యలేను గదా!" అని చెయ్యెత్తి కొట్టబోయి, కొట్టకుంట ఆడనే కూలబడ్డడు. మనిషిని సూసి కుళ్లుకోవాలన్నా ఆయన జర సాయం చెయ్యాలె. మా బావ ఆ సాయం కూడ చెయ్యలే. ఆనాడు ఆయన పక్కన కూసొని లుంగి పిండిన. వాచ్ ఇచ్చేసి ఇంటికి పోయినంక మాత్రం నా చెయ్యి నాకే ఎవలిదో అనిపించింది.

గిట్ల ఉండె మా ముచ్చట. ఇగ ఆయన పోయినంక సంగతి చెప్త.

పదకొండో దినానికి ఫ్లెక్సీ చేసే పని నాదే గదా. బావ ఫొటోలు నా కాడ బోలెడున్నయి. మంచిగ నవ్వే ఫొటో ఒకటి తీసి, ఛాతి దాక కోసి, కింద పేరు, తారీఖు పెట్టి అక్క ఫోన్‌కు పంపిన. ఏడుపుల ఉన్న మనిషి ఏం సూస్తది అనుకున్న. ఎంబడే ఫోన్ చేసింది. "చెయ్యేది తమ్ముడూ?" అన్నది. "అక్కా, ఇట్లనే పెడతరు, మొకం పెద్దగ కనవడాలె గదా" అన్న. "ఆయన చెయ్యి కనవడాలె. వాచ్ కనవడాలె" అన్నది. మళ్ల చేసిన. కోదాడల వాళ్ల గల్లి మూలమీద కట్టిన ఫ్లెక్సీల మా బావ మొకం ఎంత ఉన్నదో వాచ్ అంత ఉన్నది. దాని కింద నిలబడి వచ్చినోళ్లకు దండం పెట్టుకుంట నేను తలకాయ ఎత్తలే.

పిట్టకు పెట్టుడు అయింది, బంతి భోజనాలు అయినయి. సుట్టాలు జర పలచబడ్డంక ఇంట్లోళ్లం నడింట్ల కూసున్నం. ఆ పొద్దుగాలనే అక్క చేతుల గాజులు తీసిండ్రు. అల్లుడు బీరువల నుంచి ఒక కవర్ తెచ్చి నడుమ పెట్టిండు. దవాఖానల ఇచ్చిన కవర్ అది. అందుల బావ ఫోన్, తాళపు చేతులు, వాచ్. వాచ్ ఆగి ఉన్నది.

మా పెద్దమ్మ సూసి రొమ్ము మీద చెయ్యేసుకున్నది. "సూసిండ్రా, ఆయన పాణంతోనే దాని పాణం పోయింది. ఆగిన గడియారం ఇంట్ల ఉండొద్దే, ఎవలికన్నా ఇచ్చెయ్యుండ్రి" అన్నది. వాచ్ దిక్కు ఎవ్వరు చెయ్యి సాపలే, భయపడ్డరు. నాకు తెలుసు, చేతికి లేక ఆగింది గని దానికేం కాలే. బీరువల పెడితే ఎవలిదయినా ఆగుతది. చెప్పొచ్చు. నా నోరు లేవలే. "నువ్వు ఉంచుకుంటవారా?" అని అల్లున్ని అడిగిన. వాడు తన చేతికున్న ఫోన్ వాచ్ చూపెట్టి, "నాకొద్దు మామా, నాకిది చాలు" అన్నడు. పెద్దమ్మ నా దిక్కు సూసింది. "గట్లయితే నువ్వే తీస్కో బిడ్డా, మీ ఇద్దరికి మంచిగుండె గదా" అన్నది. ఇన్నేండ్లు కండ్లల్ల నిప్పులు పోసుకున్న దానికి ఇగ ఒక్క చెయ్యి సాపుడే ఉన్నది. సాపిన. నిజంగనే సాపిన.

అక్క అప్పటిదాక గోడకు ఒరిగి కూసున్నది. ఒంగి, నా చేతి కన్న ముందు వాచ్ తీసుకున్నది. రెండు మూడు సార్లు అటు ఇటు ఆడించింది. సెకండ్ల ముల్లు కదిలింది. పెద్దమ్మ "అమ్మో" అన్నది. అక్క పక్కనున్న ఫోన్‌ల టైం సూసి సరిచేసి, గాజులు లేని చేతికి తొడుక్కున్నది.

"గదేందే, మొగోళ్ల వాచ్" అన్నది పెద్దమ్మ.

"చెయ్యి తేలికై పాణం కొట్టుకుంటున్నది పెద్దమ్మా. ఇది జర బరువుంటది" అన్నది అక్క. నా దిక్కు తిరిగి, "నీకిస్తె నువ్వు భద్రంగ బీరువల పెడ్తవు తమ్ముడూ. ఆగిపోతది. ఆయన జ్వరమొచ్చి మంచం పట్టినప్పుడల్ల నాకే తొడిగేటోడు. ఈ ఇంట్ల నీ అంత చెయ్యి ఆడించేటోళ్లు లేరు, నువ్వయితే ఆగనియ్యవు అనేటోడు" అన్నది.

ఆ సంగతి నాకు తెల్వది. బావ ఆ వాచ్ నాకు ఒక్కసారి ఇచ్చిండని ఇన్నేండ్లు లోపల లోపల మురిసిన. ఆమెకేమో తనకు జ్వరమొచ్చినప్పుడల్ల ఇచ్చిండు. నాకు వచ్చిన కుళ్లు ఇంతా అంతా కాదు. ఈసారి వాచ్‌ను సూసి కాదు. పోయినంక కూడ మా బావకు ఒక చెయ్యి దొరికింది, ఆగనియ్యకుంట సూసే చెయ్యి. నేను పోతే నా చేతిది ఎవలు తొడుక్కుంటరని నా భార్య దిక్కు సూసిన. ఆమె గిన్నెలు లెక్కబెడుతున్నది. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మొన్న కోదాడ పోయిన. అక్క ఎనక వాకిట్ల నల్ల కాడ పీట ఏసుకొని అంట్లు తోముతున్నది. బెల్ట్ కొలత తగ్గించుకోలే, వాచ్ మోచేతి దాక జారుతున్నది, మోచేతి మీంచి మళ్ల మణికట్టుకు దిగుతున్నది. "తీసి పక్కన పెట్టరాదు అక్కా" అన్న. "నీళ్లల్లకే చేసిండ్రట గదా" అని తలెత్తకుంటనే అన్నది. ఒక పెద్ద బోగాని లోపలికి చెయ్యి పెట్టి అడుగు రుద్దుతున్నది. చెయ్యి కనవడతలేదు, వాచ్ కనవడతలేదు, నురగ మాత్రం గుండ్రంగ తిరుగుతున్నది. జర సేపటికి చెయ్యి బయటికి తీసి, పైట కొంగుతోని ముందుగాల వాచ్ గ్లాసు తుడిచి, ఆ తర్వాత చెయ్యి తుడుసుకున్నది.