జూలో అన్నీ గుండ్లే

నా చిన్నప్పుడు చిత్తూరు వైపు ఎవరికైనా జబ్బు ముదిరితే వేలూరు పెద్దాస్పత్రికి తీసుకుపోయేవాళ్ళు. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి ‘వేలూరు’ అన్నారంటే సంగతి గట్టిదేనని పిల్లలమైన మాకు కూడా అర్థమైపోయేది. మా అమ్మకు గుండె ఆపరేషన్ చెయ్యాలన్నప్పుడు మా ఇంట్లోనూ ఆ మాట అలాగే వినబడింది. వేసవి సెలవులు అప్పుడే మొదలయ్యాయి. ఆస్పత్రిలోకి పిల్లల్ని రానివ్వరని చెప్పి, నాయన నన్ను తిరుపతిలో ఉండే మా మేనత్త ఇంట్లో దించి, నేను నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళి వచ్చేలోగా వెళ్ళిపోయాడు. ఏడుస్తానని అలా చేశాడట. నాకప్పుడు తొమ్మిదో ఏడు. ఏడవడానికి కూడా మనిషి ఎదురుగా ఉండాలని ఆ రోజే తెలిసింది.

అత్తకు పిల్లలు లేరు. మామ బస్సు కండక్టరు, ఎప్పుడు డ్యూటీకి పోతాడో ఎప్పుడు వస్తాడో ఆయనకే తెలియాలి. అత్త మాటలు బంగారంలా దాచుకునే మనిషి. కంచం ముందు పెట్టి ‘తిను’ అనేది, చాప పరిచి ‘పడుకో’ అనేది. కోప్పడేది కాదు, దగ్గరికి తీసుకునేదీ కాదు. నేనంటే ఇష్టం లేదేమోనని ఒకసారి, భయమేమోనని ఇంకోసారి అనుకునేదాన్ని. రెండోది నిజమని ఇప్పుడనిపిస్తుంది. ఊరికే నవ్వే పిల్ల అయితే ఆమెకు కొంచెం సులువుగా ఉండేది. నేనేమో గడప మీద కూర్చుని, కనిపించినంత మేర కొండను చూస్తూ పొద్దు పుచ్చేదాన్ని.

వీధి మలుపులో ఎస్టీడీ బూత్ ఉండేది. నాయన సాయంత్రాల్లో దానికి ఫోన్ చేసేవాడు. బూత్ ఆయన కేకేస్తే అత్త చేతులు చీరకు తుడుచుకుంటూ పరిగెత్తేది. తిరిగొచ్చి ఎప్పుడూ ఒకే మాట చెప్పేది. “మీ అమ్మ బాగుండాది. నిన్ను అన్నం తినమనింది.” నాకు నమ్మకం కుదిరేది కాదు. మా అమ్మ అన్నం సంగతి అడిగే రకం కాదు, జడ ఎవరు వేస్తున్నారని అడుగుతుంది. నా జుట్టంటే ఆమెకు అంత ఇది.

ఆ జుట్టు కూడా పోయింది. ఆపరేషన్ బాగా జరిగితే పాప తలనీలాలు ఇప్పిస్తానని అత్త కొండ మీది స్వామికి మొక్కుకుంది. నన్నెవరూ అడగలేదు. మొక్కుల విషయంలో పిల్లల్ని అడిగే అలవాటు మా వైపు లేదు. ఆపరేషన్ అయిందని ఫోన్ రాగానే కొండకు తీసుకుపోయి గుండు చేయించి, చల్లగా ఉంటుందని గంధం పూసింది. తిరుపతిలో గుండు పెద్ద వింతేమీ కాదు, వీధిలో పోయేవాళ్ళలో సగం మంది గుండ్లతోనే ఉంటారు. అయినా ఎవరి గుండు వాళ్ళకు బరువు. నేను గడప మీద కూర్చోవడం కూడా మానేశాను.

అలా లోపల గోడకానుకుని ఉండగానే, ఒక మధ్యాహ్నం పక్కింటి అక్క బియ్యంలో రాళ్ళేరుతూ ఎవరితోనో అంటున్న మాట కిటికీలోంచి నా చెవిన పడింది. “ఆపరేషనయితే అయింది గానీ ఆయమ్మ ఇంకా లేసి కూర్చోలేదంట. ఈడ సూస్తే పిల్లల్లేని ఇల్లు. పాపను ఈళ్ళకు ఇచ్చేసినట్టేలే.” ఆమె మంచిదే, దురుద్దేశంతో అన్న మాట కాదు. కానీ నాకు అన్నం సహించడం మానేసింది. నాయన చెప్పకుండా వెళ్ళిపోవడం, ఫోన్‌కు నన్ను పిలవకపోవడం, జుట్టు తీయించడం, అన్నీ ఆ ఒక్క మాటతో నాకు తేటతెల్లమైపోయాయి. నన్ను ఇచ్చేశారు. ఆ సంగతి అడగడానికి కూడా మా అమ్మ దగ్గర లేదు.

నేను కంచం తోసేస్తుంటే అత్త చూసి చూసి, ఒక ఆదివారం పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని “పద, జూకు పోదాం” అంది. అదీ అడిగింది కాదు, చెప్పింది.

జూ ఊరి బయట, కొండ కింద ఉండేది. నేను ఇనుప బోనులు ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే పెద్ద కందకం, దాని అవతల చెట్లు, పొదలు. జంతువులు వాటికి ఇష్టమైతే కనిపిస్తాయి, లేకపోతే లేదు. జనమంతా గోడ మీద వాలి ‘యాడుండాది, యాడుండాది’ అని ఒకరినొకరు అడగడమే. అత్త నా వెనక నిలబడి “అదో సూడు, ఆ పొద కింద” అని చెయ్యి చాపేది. నాకు పులి వీపు మీది చారలు కొంచెం కనిపించాయి. ఒక ఎలుగుబంటి మాత్రం అందరికీ కనిపించేట్టు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. తోడు లేదు. నేను దాని దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను.

కొండ దిగిన యాత్రికులంతా ఆ రోజు అక్కడే ఉన్నట్టున్నారు. ఎటు చూసినా గుండ్లే. ముసలివాళ్ళవీ, పడుచువాళ్ళవీ, చంకలో పిల్లలవీ, గంధం ఆరి తెల్లగా పొట్టు లేచినవీ. నాకు జూకు వచ్చాక కొంచెం నచ్చింది ఏదైనా ఉందంటే అదే. నా గుండును ఎవరూ చూడటం లేదు.

ఏనుగుల దగ్గర అత్త సీసాలో నీళ్ళు పట్టడానికి వెళుతూ “ఈడనే నిలబడు, కదలొద్దు” అంది. నేను నిలబడే ఉన్నాను. ఇంతలో ఏనుగు తొండంతో మన్ను చల్లుకుందని జనం తోసుకున్నారు. ఆ తోపులాటలో ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, అరవంలో ఏదో గొణుగుతూ బరబరా నడిపించుకుపోయింది. ఆమెకు నాలాంటి గుండు మనవరాలు ఉందన్న సంగతి తర్వాత తెలిసింది. నేను చెయ్యి విడిపించుకోలేదు. అమ్మ వెళ్ళాక నా చెయ్యి అంత గట్టిగా పట్టుకున్నవాళ్ళు లేరు.

చెట్టు కింద వాళ్ళ కుటుంబమంతా విస్తరాకులేసుకుని పులిహోరకు కూర్చుంది. వడ్డిస్తున్న కోడలు ముందు నన్ను చూసింది, తర్వాత అప్పటికే కూర్చుని తింటున్న తన కూతుర్ని చూసింది, గరిటె అలాగే పట్టుకుని నవ్వింది. అందరూ నవ్వారు. ముసలమ్మ మాత్రం నా చెయ్యి వదలకుండా, తనకు కళ్ళు సరిగ్గా కనిపించవని వాళ్ళనే తిట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆకు వేయించింది. ఎవరి పాపవని అడిగింది. చిత్తూరు వాళ్ళకు అరవం అర్థం కాకపోవడమంటూ ఉండదు గానీ నేను జవాబు చెప్పలేదు. మీ అమ్మ ఎక్కడ అని అడిగితే మాత్రం నోట్లోంచి దానంతటదే వచ్చింది. “వేలూర్లో.”

ఆమె ముఖం విప్పారింది. వాళ్ళది ఆర్కాడు అట. బస్సు మాట్లాడుకుని వచ్చారట, పోయేటప్పుడు వేలూరు మీదుగానే పోతారట. ఆమె మాటవరసకే చెప్పింది. నాకు మాత్రం ఆ తర్వాత పులిహోర రుచి తెలియలేదు.

వాళ్ళు మంచివాళ్ళు. భోజనాలు కాగానే, తప్పిపోయిన పాప సంగతి చెప్పడానికి ముసలమ్మ కొడుకు గేటు దగ్గరి ఆఫీసుకు వెళ్ళాడు. ఆడవాళ్ళు నన్ను వెంటబెట్టుకుని బయట ఆగి ఉన్న బస్సు దగ్గరికి వచ్చారు. ఆఫీసులో ఎవరూ ఉండకూడదని నేను స్వామికి మొక్కుకున్నాను. ఈసారి ఇవ్వడానికి జుట్టు కూడా లేదు. అత్తకు దొరకకూడదు, ఈ బస్సెక్కాలి, అమ్మ మంచం దగ్గర దిగాలి, ‘నన్ను ఇచ్చేశావా’ అని అడగాలి. ఆస్పత్రి ఎక్కడో, అమ్మ ఏ గదిలో ఉందో తెలియదన్న ఆలోచనే రాలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ ఎక్కమనకముందే నేను మెట్టు మీద కాలు పెట్టాను.

వెనక నుంచి నా నెత్తి మీద అరచెయ్యి పడింది. ఆ చెయ్యి నన్ను గిరుక్కున తిప్పింది.

అత్త. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. ఒక కాలికే చెప్పుంది. తిడుతుందనో కొడుతుందనో భుజాలు బిగించుకున్నాను. ఆమె తిట్టలేదు, కొట్టలేదు. నా గౌను అంచు గుప్పిట్లో పట్టుకుని ఆ మట్టిలోనే చతికిలబడింది. ముసలమ్మ దగ్గరికొచ్చి, జరిగిందంతా చెప్పి, పిల్లను గాలికొదిలేస్తారా అని అరవంలోనే నాలుగు చీవాట్లు పెట్టింది. అత్త అన్నింటికీ తలూపి ఆమెకు దండం పెట్టింది. బస్సు వెళ్ళిపోయింది. అది కనుమరుగయ్యేదాకా నేను అటే చూశాను, అత్త నన్నే చూసింది.

“యాడికి పోవాలనుకుంటివి?” అని అడిగింది.

“అమ్మ దగ్గరికి.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. “నన్ను నీకు ఇచ్చేసినారంట కదా” అన్నాను.

“ఎవురు సెప్పినారు నీకు?” అని గౌను అంచు ఇంకా గట్టిగా పట్టుకుంది. “ఎవురూ ఎవురికీ ఇయ్యలేదు. నువ్వు మీ అమ్మ బిడ్డవి. ఆయమ్మ లేసి నడిసేదాకా నా దగ్గిర ఉండావు. అంతే.” ఆ చివరి మాట అనడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. ఎందుకో తెలిసే వయసు కాదు నాది.

ఏడుపు తగ్గాక ఇంకో అనుమానం వచ్చింది. ఇన్ని గుండ్లలో, అదీ నేను అటు తిరిగి ఉంటే, నేనేనని ఎట్లా కనుక్కున్నావని అడిగాను. అత్త తడుముకోకుండా చెప్పింది. “నీ నెత్తిన రెండు సుడులుండాయి. దినామూ గంధం పూస్తా సూస్తాండా కదా. అట్టాంటి నెత్తి ఈ జూలో ఇంకెవురికీ లేదు. ఎంత దూరం నించి సూసినా నేను కనిపెట్టేస్తా. నువ్వు యాడికి పోయినా తప్పిపోలేవు.”

ఆ మాట నాలో ఏం చేసిందో సరిగ్గా చెప్పలేను. ఇంటికి పోయే బస్సులో అత్త ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్నాను. ఆ రాత్రి అన్నం మారడిగి తిన్నాను. మిగిలిన సెలవులు సంతోషంగా గడిచాయని అబద్ధం చెప్పను. అమ్మ మీద బెంగ అలాగే ఉంది, సాయంత్రాలు అలాగే పొడుగ్గా ఉన్నాయి. కానీ మళ్ళీ గడప మీద కూర్చోవడం మొదలుపెట్టాను. వచ్చేపోయేవాళ్ళు నా గుండును చూస్తే చూడనీ అనుకునేదాన్ని. మామూలు గుండు కాదు మరి.

మామిడికాయల రోజులు ముగిసేసరికి నాయన వచ్చి నన్ను చిత్తూరుకు తీసుకుపోయాడు. అమ్మ చిక్కిపోయి, గోడకు దిండు పెట్టుకుని కూర్చుని ఉంది. గరుకు గరుకుగా మొలుస్తున్న నా తల నిమిరి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమెను నవ్వించాలని, నా రెండు సుడులూ చూడమని తల వంచాను. అమ్మ వేళ్ళతో వెతికి వెతికి “ఒకటే ఉండాది కదే” అంది. జబ్బు మనిషి, చూపు ఆనలేదులే అనుకున్నాను. ఆ తర్వాత జుట్టు పెరిగి అన్నీ కప్పేసింది.

చాలా ఏళ్ళ తర్వాత, కాలేజీ చదువుకు తిరుపతిలో అత్త ఇంట్లోనే ఉన్నప్పుడు, ఒక ఆదివారం ఆమె నా తలకు నూనె పెడుతుంటే నిజం చెప్పమని అడిగాను. ఎన్ని సుడులున్నాయి? అత్త చెయ్యి ఆగింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. అంత నవ్వు ఆమెలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

“ఒకటే. నేనేం కనిపెట్టేది! నా కండ్లకు అన్నీ ఒకే మాదిరిగా ఉండె. జూలో కనపడిన గుండునల్లా పట్టుకోని తిప్పి మొగం సూసినా. ఒక ముసిలాయన్ను కూడా తిప్పేస్తి, ఆయప్ప నా చెయ్యి ఇదిలించి కొట్టె. ఇంకొకామె నన్ను బిడ్డల్ని ఎత్తుకపోయేదాననె. నువ్వు దొరికేదాకా ఒగ గుండును కూడా ఇడిసిపెట్టలేదు.”

మరి అబద్ధమెందుకు చెప్పావంటే, “నీకు ఏ గుర్తూ లేదంటే ఇంకా బయపడతావని” అని మళ్ళీ నూనె పెట్టడంలో పడింది.

అత్త ఇప్పుడు లేదు. అమ్మ ఆమె కంటే ముందే పోయింది. నా జుట్టు సగం నెరిసింది, సాయంత్రాలు మళ్ళీ పొడుగ్గా ఉంటున్నాయి. చిన్నప్పుడు నాకు ధైర్యమిచ్చింది రెండు సుడులు. ఇప్పుడు ధైర్యమిచ్చేది ఆ రెండోది లేదన్న నిజం. అంతమందిలో నేనూ ఒకదాన్నే, ఏ ప్రత్యేకతా లేనిదాన్ని. అయినా ఒక మనిషి, తనది కాని బిడ్డ కోసం, ఒంటి చెప్పుతో, తిట్లు తింటూ, నా ముఖం వచ్చేదాకా ప్రతి ముఖమూ తిప్పి చూసింది. నేను బడిలో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. కొత్తగా చేరి, వెనక బెంచీలో తల దించుకుని కూర్చునే పిల్లలు ఏటా ఒకరిద్దరైనా ఉంటారు. పుస్తకం బల్ల మీద పెట్టేసి వాళ్ళ దగ్గరికి వెళతాను. గడ్డం పట్టుకుని, ఆ ముఖం నా వైపు తిప్పుకుంటాను.