సారు ఎంచిన పికప్

మా గిటారు సారు పోయారని ఆయన భార్య పోయిన సోమవారం కబురు పంపింది. నేను నాంపల్లి చేరేసరికి ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. వచ్చినవాళ్లకు ఆమె నన్ను చూపించి, "మా సారుకు ఇష్టమైన శిష్యుడు" అంది. నేను తల ఎత్తలేకపోయాను.

ఆఫీసు అయ్యాక నాలుగేళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నాను. తీగలకు చెమట అంటకూడదని, చేతులు కడుక్కోకుండా గిటారు ముట్టనిచ్చేవారు కాదు. "ముందు చెవి అందుకోవాలె, తర్వాత చెయ్యి" అనేవారు. ఆబిడ్స్‌లో ఒక హోటల్ బ్యాండులో ఆయనది ముందు కుర్చీ, అంటే ముఖ్య గిటారు. నాకు అందులోనే వెనక కుర్చీ ఇప్పించింది కూడా ఆయనే.

డెబ్బైల మొదట్లో నా ఎలక్ట్రిక్ గిటారులో మెడ దగ్గరి పికప్ పాడైంది. తీగల కింద ఉండి, వాటి కదలికను యాంప్లిఫయరుకు పంపేది అదే. మెడ దగ్గరిదైతే శబ్దం గుండ్రంగా, మెత్తగా రావాలి. ఆబిడ్స్ సందులో రేడియోలు బాగుచేసే మెకానిక్ దగ్గర రెండు పాతవి దొరికాయి. అతను ఒకదాని తర్వాత ఒకటి తగిలించాడు. సారు రెండింటి మీదా ఒకే వరస వాయించారు. మొదటిది నిండుగా పలికింది. రెండోది రేకు గీకినట్టు కీచుమంది.

"గిదే పెట్టు" అన్నారు సారు, రెండోదాన్ని చూపిస్తూ. "మొదటిది దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టున్నది."

మెకానిక్ నావైపు చూశాడు.

"సార్, గీంట్ల సన్నగ కీచుమంటున్నది గదా?" అన్నాను.

"ఏడ?"

మళ్లీ వాయించారు. పైస్వరాలకు వెళ్లేసరికి మెకానిక్ మొహం చిట్లించాడు. సారు ఆ మొహాన్ని చూశారు. గిటారు మెల్లగా బల్ల మీద పెట్టేశారు.

నాంపల్లి వైపు నడుస్తూ అడిగాను. "ఎన్ని రోజులైంది సార్?"

"ఏడాది దాటింది. సన్న సప్పుడు ఇనొస్తలేదు. డాక్టరు డ్రమ్ముల పక్కన కూసోవద్దన్నడు. ఎవ్వలికి చెప్పకురా. నాకు ఇంకో పని రాదు."

"ఎవ్వలికి చెప్ప సార్" అన్నాను.

నెల తిరగకముందే బ్యాండు నడిపే ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "సారు గిటారు గీ నడుమ గంత కరుకుగ ఉంటున్నదేంది?" అన్నాడు. తెలియదంటే సరిపోయేది. చెప్పేశాను. బ్యాండు మంచికే అని అప్పుడు అనుకున్నాను. ముందు కుర్చీ నా మనసులో లేదని మాత్రం ఇవాళ అనలేను. వారంలో ఆ కుర్చీ నాదైంది.

సారు కోఠిలో పాత పుస్తకాల దుకాణంలో కుదిరారు. రెండేళ్లు ఆయన ఎదుట పడలేదు. చివరికి ఉండబట్టలేక ఆయన ఇంటికి వెళ్లి, ఆ మాట బయటపెట్టింది నేనేనని మొహంలోకి చూస్తూ గట్టిగా చెప్పాను.

"తెలుసు" అన్నారు. "నువ్వు చెప్పకున్నా జనమే చెప్తుండిరి. గని ముందుగాల నాతోటి అనేది ఉండె. నేనే లేచి పోతుంటి."

తర్వాత లోపలికి కేకేసి నాకు చాయ్ పెట్టించారు. క్షమించానని అనలేదు, రావద్దనీ అనలేదు. అప్పటినుంచి ఆదివారాలు వెళ్తూనే వచ్చాను.

ఆఖరిసారి వెళ్లినప్పుడు తలుపు తీసే ఉంది. సారు అటు తిరిగి కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నారు. పిలిచాను. వినపడలేదు. బ్యాండులో వాయించిన పాత వరస ఒకటి కూనిరాగం తీస్తున్నారు. ఒక్క స్వరం కూడా తప్పడం లేదు. అది పూర్తయ్యేదాకా గడపలోనే నిలబడ్డాను.