ఓడను జర ఆపుమను బిడ్డా

హన్మకొండలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని నేను ఓడలు నడుపుతాను. నవ్వకండి, నిజమే. ఏ ఓడ ఏ రేవులో ఎక్కడ ఆగాలి, ఏ కంటైనర్ ముందు ఎక్కాలి, ఎప్పుడు బయల్దేరాలి, ఇవన్నీ రేవుల వాళ్లతో ఫోన్లలో కుదర్చడమే నా ఉద్యోగం. సముద్రాన్ని మాత్రం పెళ్లయ్యాక ఒక్కసారి చూశాను, అదీ చెప్పులు పోగొట్టుకుని వచ్చాను.

మా మేనమామది మిర్చి వ్యాపారం. మొదటిసారి సొంతంగా ఒక కంటైనర్ నిండా మిర్చి విదేశానికి పంపుతున్నాడు. అదృష్టమో ఖర్మో, అది ఎక్కాల్సింది నేను చూసే ఓడే. ఆ ఓడ తప్పితే సరుకు వద్దంటానని కొనేవాడు ముందే చెప్పాడు. "ఓడ కదిలేకంటే మస్తు ముందే దాని సరుకుకు గేటు మూస్తరు, ఆలోపు కంటైనర్ రేవుల ఉండాలె మామా, లారీ ఇయ్యాల్నే కదలాలె" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"ఇయ్యాల అమాస బిడ్డా. అమాస నాడు సరుకు గడప దాటిస్తమా? రేపు పొద్దుగాల కొబ్బరికాయ కొట్టి పంపుత. నువ్వున్నవ్ గద, నాకేం ఫికర్?"

నేనున్నానట! ఒళ్లు మండిపోయింది. ఎంత మొత్తుకున్నా లారీ కదల్లేదు. మర్నాడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చి మరీ పంపాడు. దారిలో ఒక్క పంక్చర్ లేదు, ఎక్కడా ట్రాఫిక్ లేదు. అంతా శుభమే. రేవు గేటు మాత్రం అప్పటికే మూసేశారు.

మామ ఆయాసపడుతూ మా ఇంటికొచ్చాడు. "ఓడను జర ఆపుమను బిడ్డా. బస్టాండ్‌ల డ్రైవర్‌కు చెప్తే ఆపడా? మనోళ్లు వస్తాన్రు అని చెప్పు."

ఆ మొహం చూశాక తిట్టడానికి నోరు రాలేదు. రేవు వాళ్లను బతిమాలాను. నన్ను బతిమాలే వ్యాపారులకు రోజూ నేను ఏ మాటలు చెప్పి ఫోన్ పెట్టేస్తానో, అచ్చం ఆ మాటలే నాకు చెప్పి ఫోన్ పెట్టేశారు. ఓడ ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా వెళ్లిపోయింది. అలా వెళ్లాలని వారం నుంచి అందరి ప్రాణాలూ తోడింది నేనే.

కొనేవాడి నుంచి మామకు ఫోనొచ్చింది. సరుకు వద్దన్నాడు. మామ నా పక్క కుర్చీలోనే కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే నా కంప్యూటర్‌లో మీటింగ్ మొదలై, మా పెద్దసారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. చప్పట్లు మోగాయి. సౌండ్ తగ్గించేలోపే మామ విన్నాడు.

"ఏమంటాన్రు బిడ్డా?"

"ఓడ టైముకు పోయిందని మెచ్చుకుంటాన్రు మామా."

మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మంచిగ చేసినవ్ బిడ్డా" అంటూ నిజంగానే సంతోషపడి నా తల నిమిరాడు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.