చర్చి గడప దగ్గర విప్పిన బూట్లు

మధ్యాహ్నం పన్నెండింటికి హెలికాప్టర్ దిగాను. నలభై మూడు డిగ్రీల ఎండ. కింద బీటలు వారిన నల్లరేగడి. మా ప్రకాశం జిల్లా పత్తి నేలే అనుకున్నాను. అక్కడ పత్తి లేదు. కాలిన గుడిసెలున్నాయి. దక్షిణ సూడాన్. యుద్ధం ముగిసిందని కాగితాల మీద ఉంది.

ఒంటి మీద ఇరవై కిలోలు: బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, ఐక్యరాజ్యసమితి శాంతి సేన నీలి హెల్మెట్, రైఫిల్, తూటాలు నింపిన ఆరు మ్యాగజైన్లు, మూడు లీటర్ల నీళ్లు. రేకుల చర్చిలో జొన్నలు పంచుతుంటే కాపలా కాయడం మా డ్యూటీ. పంచేది అక్కడి పాస్టరు గారు, ఆయన భార్య. నా మెడలో సిలువ చూసి ఆయన మొదటిరోజే నన్ను తమ్ముడూ అన్నాడు. మా మాటలన్నీ వచ్చీరాని ఇంగ్లీషులోనే.

మా హవల్దారుది హర్యానా. ఆయన ఆర్డరు ఒక్కటే: డ్యూటీలో రైఫిల్ వదలకూడదు, బూట్లు విప్పకూడదు. రైఫిల్ సరే. బూట్లతో చర్చిలోకి ఎలా వెళ్లేది? మా పల్లెలో చెప్పులతో లోపలికొస్తే అమ్మ వీపు విమానం మోత మోగించేది. గడప దగ్గరే విప్పేశాను.

పాస్టరు గారు నవ్వాడు. "ఇక్కడెవరూ విప్పరు, తమ్ముడూ."

"మా ఊళ్లో విప్పుతామండి."

రేడియో ఆపరేటరుది అద్దంకి. వాడు ఊరుకుంటాడా? "ఒరేయ్, నీ భక్తి తగలెయ్య! ఎవడన్నా మీద పడితే ఉత్తకాళ్లతో పరిగెత్తుతావా?"

ఐదు వారాలు ఏమీ జరగలేదు. నాకు భయం పోయింది.

ఆరో వారం, మంగళవారం. ఉదయం 10.20కి తుప్పల్లోంచి మొదటి కాల్పులు. ఆపరేటరు రేడియోలో అరుస్తున్నాడు. "కాంటాక్ట్! ఉత్తరం, రెండొందల మీటర్లు!" జొన్నల కోసం నిలబడ్డ వరస చెదిరిపోయింది. ఒకామె తొడ పగిలి పడిపోయింది. పదిహేను అడుగుల దూరంలో ఓ ముసలామె జొన్నల సంచి వాటేసుకుని, లేవలేక కూర్చుండిపోయింది.

"తమ్ముడూ, ఆమె!" అన్నాడు పాస్టరు గారు.

ఆమెకు అడ్డం నిలబడి కాల్చాల్సింది నేను. మిరప చేలల్లో ఉత్తకాళ్లతో పెరిగినవాణ్ణి. అయినా బూటు కోసం వంగాను. లేసు ముడిపడింది. రెండో బూటులో కాలు పెట్టేసరికి ఆయన నన్ను దాటి వెళ్లిపోయాడు.

ముసలామె మీద బోర్లా పడ్డాడు. కడుపులో రెండు గుళ్లు. అప్పుడు కాల్చాను. తుప్పల్లోంచి వచ్చినవాళ్లలో ఒకడి దవడ ఎగిరిపోయింది. వాణ్ణి చంపినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. 10.26కి మిగతావాళ్లు పారిపోయారు.

ఆయన కడుపు మీద కట్టు పెట్టి రెండు చేతులా నొక్కాను. వేళ్ల సందుల్లోంచి పేగు జారుతోంది. హెలికాప్టర్ రావడానికి రెండు గంటలన్నారు.

"ముసలామె?" అన్నాడు.

"బతికిందండి."

11.05కి పోయాడు.

"ఏరా, రిపోర్టులో బూట్ల మాట ఎత్తకు. ఎవడూ అడగడు," అన్నాడు ఆపరేటరు. నిజమే, ఎవడూ అడగలేదు.

ఇప్పుడు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర పని చేస్తున్నాను. చర్చిలో సాక్ష్యం చెప్పమంటారు. దేవుడు నిన్ను కాపాడాడయ్యా అంటారు. తల ఊపి కూర్చుంటాను. సిగ్గుతో చచ్చిపోతాను. నా వంతు చావు ఇంకో మనిషి తీసుకున్నాడని ఇంతవరకూ ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

ఆమెకు మాత్రం ఆ రోజే చెప్పాను, పాస్టరు గారి భార్యకు. మూడింటికి మళ్లీ పంచడం మొదలుపెట్టింది. ముసలామె వాటేసుకున్న ఆ చిరిగిన సంచి ముందు కూర్చుని జొన్నలు ఏరుతోంది.

"అమ్మా, ఆలస్యం చేసింది నేను. బూట్లు వేసుకుంటూ ఉండిపోయాను," అన్నాను.

విన్నది. సంచి అంచు నా వైపు జరిపింది. "సంచి పట్టుకో," అంది.

పట్టుకున్నాను. శుభ్రంగా ఉన్న జొన్నలు వరసలో వాళ్లకు. నెత్తురు అంటినవి వేరే గిన్నెలోకి.

"అవెందుకమ్మా?"

"ఇవి మా ఇంటి వాటా."

గిన్నెలో నీళ్లు పోసి కడిగింది. ఎర్రబడ్డాయి. పారబోసి మళ్లీ పోసింది. మూడోసారి కూడా నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఆమె పొయ్యి అంటించింది.