సున్నం చుక్క చెరిపిన పిస్తోలు

గజపతినగరం పరంజ్యోతి షూటింగులకు రబ్బరు పిస్తోళ్లు అద్దెకిస్తాడు. ఆయన దగ్గరున్నది పోలీసు పిస్తోలును చూసి చేయించిన ఒకే ఒక్క అచ్చు. అందుకే ఈ చుట్టుపక్కల తీసిన సినిమాల్లో ఏ హీరో కాల్చినా, ఏ విలన్ చచ్చినా అదే నల్ల పిస్తోలు. అసలుదీ నకిలీదీ ఎక్కడ కలిసిపోతాయోనన్న భయంతో ప్రతిదాని పిడికీ సున్నం చుక్క పెట్టుకునేవాడు.

ఈ రోజు నౌపడ ఉప్పుమడుల్లో, హీరో పిస్తోలుకు చుక్క కనబడుతోందని కెమెరామన్ కసిరితే పరంజ్యోతి దాన్ని తుడిచేసి పిస్తోలును బల్ల మీద పెట్టాడు. బందోబస్తుకొచ్చిన ఎస్సై తన పిస్తోలు కూడా అదే బల్ల మీద పెట్టి భోజనానికి కూర్చున్నాడు. హీరో వచ్చి ఒకటి పట్టుకెళ్లి విలన్ గుండెకు ఆనించాడు.

చెయ్యి కడుక్కొచ్చిన ఎస్సై బల్ల మీద మిగిలినదాన్ని ఎత్తాడు.

"ఏటయ్యా పరంజ్యోతీ, నాది ఇంత తేలిగ్గా ఉన్నాదేటి?"

పరంజ్యోతి హీరో వైపు పరుగెత్తాడు. అవతల డైరెక్టర్ "యాక్షన్" అని కేకేశాడు.