గోడ అవతలి ఊపిరి

నా చిన్నప్పుడు, కరోనా వచ్చిన కాలంలో, సూరత్‌లో తెలుగువాళ్లుండే మా డిండోలి వీధి ఒక్కసారిగా మూగబోయింది. మా బాపు పనిచేసే సాంచల కార్ఖానా మూతపడింది. పుట్టింది మొదలు ఆ మరమగ్గాల చప్పుడులోనే పెరిగినదాన్ని. అది ఆగేసరికి చెవుల్లో ఏదో ఖాళీ అయినట్టు ఉండేది. ఆ ఖాళీలోకి అంబులెన్సుల కూత వచ్చి చేరింది. అది ఏ సందు దగ్గర ఆగుతుందోనని పెద్దవాళ్లు మాటలు ఆపేసి వినేవాళ్లు.

పక్కింటి అక్క నాకు సంగీతం నేర్పేది. ఆమె భర్త రైల్వే ఉద్యోగి, డ్యూటీ మీద వేరే ఊరు వెళ్లి అక్కడే చిక్కుపడ్డాడు. అక్క ఒక్కతే ఉండేది. మా రెండిళ్లకూ నడుమ ఒకటే పలచటి గోడ. ఎవరింటికీ ఎవరూ వెళ్లకూడని రోజులు కాబట్టి, పాఠం ఆ గోడ మీదుగానే సాగింది. ఆమె అటువైపు కరెంటు శ్రుతిపెట్టె పెట్టుకుని పాడేది. నేను ఇటువైపు చెవి ఆనించి విని, తిరిగి పాడేదాన్ని.

నాకు శ్రుతి నిలిచేది కాదు. చప్పుళ్లలో పెరిగిన చెవి, గట్టిగా వినిపించినదాన్నే పట్టుకునేది. అక్క ఒక ఉపాయం చేసింది. "స్వరాలు వదిలెయ్. నేనెక్కడ ఊపిరి తీసుకుంటున్నానో అది చెప్పు," అంది. మొదట్లో ఏమీ తెలియలేదు. వినగా వినగా రెండు స్వరాల మధ్య సన్నటి గాలి చెవినపడింది. సరిగ్గా చెబితే ఆమె గోడ మీద వేలితో తట్టేది. ఆ గాలిని వినడం వచ్చాక శ్రుతి కూడా దానంతటదే కుదిరింది.

ఒక మధ్యాహ్నం ఆ ఊపిరి చోటు కాని చోట వినిపించింది. వరుసంతా ఒక్క బిగిన పాడే మనిషి, రెండు స్వరాలకే ఆగుతోంది. కొత్త ఆటేమో అనుకుని ఆ చోట్లన్నీ ఉత్సాహంగా చెప్పాను. గోడ అవతల తట్టిన చప్పుడు రాలేదు. శ్రుతిపెట్టె మాత్రం మోగుతూనే ఉంది.

బాపుకు చెప్పాను. అప్పటికే మా పైఅంతస్తు ఆయన్ను జ్వరంతో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన తిరిగి రాలేదు. జ్వరమనే మాట వినిపిస్తే చాలు, తలుపులు మూసుకుపోయేవి. అయినా బాపు వెళ్లి, అక్క గుమ్మం ముందు నిలబడి పిలిచాడు. "నాకేం లేదన్నా, గొంతు పట్టింది," అంది అక్క లోపలి నుంచి, నవ్వుతూనే.

"ఇన్నవా బిడ్డా, మంచిగనే ఉన్నదట. జర ఊకో," అన్నాడు బాపు, వెనకే వెళ్లి నిలబడ్డ నాతో.

"లేదు బాపూ. గా ఒక్క మాటకే నడుమల దమ్ము తీసుకున్నది."

బాపు నా మొహం వంక చూశాడు. తర్వాత ఆ తలుపుకు చెవి ఆనించాడు. అలా ఎంతసేపు విన్నాడో గుర్తులేదు, ఆయన మొహం మారిపోవడం మాత్రం గుర్తుంది.

ముక్కుకు రుమాలు కట్టుకుని, కింది కిరాణా కొట్టు గుజరాతీ కాకా దగ్గర వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ తెచ్చాడు. అక్క వేలికి పెడితే అంకె బాగా తక్కువ చూపింది. వెంట వచ్చి అది చూసి, "జల్దీ కరో భాయ్!" అని కాకా మెట్ల మీంచే అరిచాడు. పిలిచిన అంబులెన్సు రాలేదు. కాకా సరుకుల టెంపోలోనే అక్కను తీసుకెళ్లారు. ఆపేవాళ్లు లేక శ్రుతిపెట్టె సాయంత్రం దాకా ఆ ఖాళీ ఇంట్లో మోగింది. అమ్మా నేనూ గోడకు దూరంగా జరిగి కూర్చున్నాం.

అక్క బతికింది. వానలు మొదలయ్యాక ఇంటికి వచ్చింది. పాత గొంతు మాత్రం రాలేదు. నన్ను పాడమని తను వినేది. "బాగానే ఉన్నాననే అనుకున్నానే పిల్లా. నా ఊపిరి నాకే వినపడలేదు," అంది ఒకసారి.

నేను పెద్ద గాయనినేమీ కాలేదు. ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఈ ఊళ్లోనే ఉన్న నావాళ్లు ఫోన్ చేసి బాగున్నామంటారు. మాటలు అయిపోయాక కూడా ఫోన్ కాసేపు చెవి దగ్గరే ఉంచుకుంటాను. ఎప్పుడైనా అటువైపు ఏదో తేడాగా తోస్తే, ఇంకేమీ అడగను. లేచి చెప్పులు వేసుకుంటాను.