అన్నయ్య ఎత్తని ఫోన్

మా అన్నయ్యకు ‘వద్దు’ అనే మాట రాదు. వడ్రంగి పనిలో చెయ్యి ఎంత గట్టిదో, మనిషి అంత మెత్తన. బీరువా తలుపు బాగుచేయమని వచ్చినవాళ్లు పనిలో పనిగా ఇంట్లో ఊగే బల్లలన్నీ తెచ్చి పడేసినా కాదనడు. బట్టల షాపువాడు నచ్చని గుడ్డ చింపి చేతిలో పెడితే, దాన్ని బుద్ధిగా తెచ్చి చొక్కా కుట్టమని నాకిస్తాడు. నా కుట్టు షాపు అతని షెడ్డు పక్కనే. మధ్యలో ఒక గోడ, గోడకొక కిటికీ. ఆ కిటికీలోంచి నేను తిడుతూ ఉంటాను, అవతల అతను చిత్రిక పడుతూ ఉంటాడు. మా ఇద్దరి మధ్య ప్రేమాభిమానాలు ఏళ్ల తరబడి ఇలాగే సాగుతున్నాయి.

వదిన పోయాక మరీ మెత్తబడిపోయాడు. ఒక్కడే వండుకుంటాడు, ఒక్కడే తింటాడు, ఎలా ఉన్నావని అడిగితే “బాగానే ఉన్నాను” అంటాడు. ఆ ‘బాగానే’ వింటే నాకు ఏడుపొచ్చేది. అతని ముందు ఏడవడం ఇష్టంలేక ఇంకో రెండు తిట్లు ఎక్కువ తిట్టేదాన్ని.

అలాంటి మనిషి ఈ మధ్య రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. నాకు అనుమానం వచ్చి ఆరా తీస్తే సంగతి బయటపడింది. బడిపిల్లల వ్యాన్ నడిపే ఒకావిడ ఉంది, అందరూ డ్రైవరమ్మ అంటారు. భర్త పోయి చాలాకాలమైంది, ఉద్యోగం చేసుకునే కూతురు ఉంది. వ్యాన్‌లో పిల్లలు కూర్చునే బల్ల విరిగితే బాగుచేయించుకోవడానికి వచ్చింది. బల్ల బాగయ్యాక కూడా ఆ వ్యాన్‌కు ఏదో ఒకటి ఊడుతూనే ఉంది. ఒకసారి మెట్టు మీద చెక్క, ఒకసారి తలుపు పిడి, ఇంకోసారి మరేదో. ఇనప వ్యాన్‌లో ఇన్ని చెక్కలు ఎక్కడివని నేను అడగలేదు. అడిగేంత తెలివితక్కువదాన్ని కాదు.

చివరికి అన్నయ్య తన మనసులో మాట ఆవిడకు చెప్పేశాడు. నోట్లో నాలుక లేని మనిషి ఎలా చెప్పాడో దేవుడికే తెలియాలి. ఆ సాయంత్రం కిటికీ దగ్గరకు వచ్చి నసిగాడు.

“వాళ్ల అమ్మాయితో మాట్లాడి ఫోన్ చేస్తానంది. అవునన్నా కాదన్నా ఫోన్‌లోనే చెప్తుందట. ఎదురుగా ఉంటే మొహమాటపడి సరే అనేస్తానేమోనని భయమంది.”

“ఆవిడకీ నీ జబ్బేనా? సరిపోయింది,” అన్నాను.

“అందుకే చెల్లీ, ఆవిడ ఫోన్ చేసేదాకా నేను ఆ సంగతి కదపను. మొహమాటానికి ఒప్పుకునేటట్టయితే నాకు వద్దు.”

అన్నయ్య నోట ‘వద్దు’ అనే మాట వినడం అదే మొదటిసారి. ఈ పెళ్లి జరిగితే బాగుండునని నేను గట్టిగా కోరుకోవడం మొదలైంది కూడా అప్పుడే.

ఆ తర్వాత కొన్నాళ్లకు డ్రైవరమ్మ నా షాపు ముందు వ్యాన్ ఆపింది. దిగలేదు. ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టి, మొహం ఇటు తిప్పకుండానే మాట్లాడింది.

“మీ అన్నగారు మనసు మార్చుకున్నట్టున్నారు. మార్చుకుంటే చెప్పొచ్చు కదండీ, నేనేమీ అనుకోను. ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చోవడమెందుకు?”

“మా అన్నయ్యా? ఫోన్ ఎత్తకుండా ఉండటం అతని వల్ల అయ్యే పని కాదండీ. రాంగ్ నంబర్ వాళ్లతో కూడా పిల్లాజెల్లా బాగున్నారా అని మాట్లాడతాడు.”

“రోజూ పొద్దున పిల్లల్ని దింపి చేస్తున్నాను. ఒక్కరోజు కూడా ఎత్తలేదు. నిన్న సాయంత్రం ఆయనే చేశారు గానీ, అప్పటికి నాకు కోపమొచ్చి ఎత్తలేదు. రేపు పొద్దున ఇంకొక్కసారి చేస్తాను. ఎత్తకపోతే నాకు అర్థమైపోతుందిలెండి.”

వ్యాన్ వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. మెడలో టేపు మెడలోనే ఉంది, నేను షెడ్డులో ఉన్నాను. అన్నయ్య బిక్కమొహం వేసుకుని స్టూలు కాలుకు మేకు కొడుతున్నాడు.

“చేసింది,” అని ఒప్పుకున్నాడు. “మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు చూసేవాణ్ణి, ఫోన్‌లో ఆవిడ పేరుండేది. మోగితే కదా నేను ఎత్తేది? తిరిగి చేస్తే తొందరపెట్టినట్టుంటుందని ఊరుకున్నాను. నిన్న సాయంత్రం ఉండబట్టలేక తిరిగి చేశాను. ఆవిడ ఎత్తలేదు. కోపం వచ్చినట్టుంది.”

“నాకు చెప్పడానికేం?”

“తిడతావని.”

అది నిజమే. అతన్నీ ఆ ఫోన్‌నీ వీధి చివర రిపేరు కొట్టుకు లాక్కెళ్లాను. ఫోన్ కొని ఇంకా నెల తిరగలేదు. కొట్టాయన నడివయసు మనిషి, ఎప్పుడూ నుదుటికి భూతద్దం కట్టుకుని ఉంటాడు. ఫోన్‌ను బల్ల మీద పెట్టి తన ఫోన్ నుంచి చేశాడు. గణగణమని మోగింది. మళ్లీ చేశాడు. మళ్లీ మోగింది.

“దీనికేం రోగమమ్మా, గుండ్రాయిలా ఉంది,” అన్నాడు. అయినా మా మొహాలు చూసి జాలిపడి కిందనున్న చిల్లుల్లో బ్రష్షు పెట్టి దులిపాడు. చిటికెడు రంపపు పొట్టు రాలింది. “ఇదిగో, ఇదే. గొంతుకు పొట్టు అడ్డం పడితే ఎవరైనా ఏం మోగుతారు?”

గండం గడిచిందనుకుని వచ్చేశాం. కానీ నాది ఎవరినీ నమ్మే బుద్ధి కాదు. “నువ్వు రోజూ పనిచేసుకునేటట్టే చేసుకో, నా వంక చూడకు,” అని చెప్పి, షాపులో కూర్చుని కిటికీలోంచి అతన్ని చూస్తూ ఫోన్ చేశాను. నా చెవిలో మోగుతోంది. అవతల చిత్రిక చప్పుడు తప్ప ఇంకేం లేదు. మళ్లీ చేశాను. అన్నయ్యకు చీమ కుట్టినట్టయినా లేదు, చెక్క మీంచి పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తోంది.

రేకుల షెడ్డు కదా, సిగ్నల్ అందడం లేదేమో అనుకున్నాను. అయితే నా చెవిలో మోగడమేమిటి? ఇక ఆగలేక, మళ్లీ ఫోన్ చేస్తూనే లోపలికి వెళ్లాను. ఫోన్ పనిబల్ల చివర, మడిచిన గుడ్డ మీద, అద్దం కిందికి పెట్టి బోర్లా పడుకుని ఉంది. తీసి తిప్పాను. దాని మొహం నిండా వెలుగు, వెలుగులో నా పేరు. నోటి మాట మాత్రం లేదు.

దాన్ని వెల్లకిలా పెట్టి చేశాను. మోగింది. బోర్లా పెట్టి చేశాను. మూగనోము పట్టింది. మళ్లీ వెల్లకిలా, మళ్లీ బోర్లా. అన్నయ్య చిత్రిక వదిలేసి వచ్చి నా పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“దీన్ని ఇలా ఎందుకు పెడతావు?”

“ఇంకెలా పెడతారు?” అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి. “అద్దమైనా, పాలిష్ పెట్టిన చెక్కయినా గుడ్డ పరిచి బోర్లానే పెట్టాలి. పైకి పెడితే పొట్టు పడి గీతలు పడతాయి. పని నేర్చుకునేటప్పుడు మా మేస్త్రి మొదట నేర్పింది అదే. ఇంట్లో అయితే జేబులో ఉంటుంది.”

అందుకే జేబులో మోగింది, కొట్టులో మోగింది, ఒక్క పనిబల్ల మీదే మోగలేదు. ఆవిడ ఫోన్ చేసేది సరిగ్గా అతను పని మొదలుపెట్టే వేళకు.

మళ్లీ కొట్టుకు పరిగెత్తాం. ఈసారి ఫోన్‌ను నేనే ఆయన బల్ల మీద బోర్లా పెట్టి, చేయండి అన్నాను. చేశాడు. చడీచప్పుడూ లేదు. ఆయన భూతద్దం నుదుటి మీదికి నెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

“నా బల్ల మీదికొచ్చిన ఫోన్ ఏదైనా వెల్లకిలానే ఉంటుందమ్మా, అందుకే తప్పు దొరకలేదు. మేస్త్రిగారూ, మొదటిసారి దీన్ని ఆన్ చేసినప్పుడు, బోర్లా పెడితే మోత ఆపేయమంటారా అని అడిగుంటుందే.”

అన్నయ్య నీళ్లు నమిలాడు. “అడిగిందండీ.”

“మీరేం నొక్కారు?”

“సరే అని నొక్కాను. అంత మర్యాదగా అడుగుతుంటే కాదనడం బాగుండదు కదా.”

“ఇంకా ఏమేం అడిగింది?”

“చాలా అడిగిందండీ. అన్నిటికీ సరేనన్నాను.”

నాకు నవ్వాలో, ఆ ఫోన్ పెట్టి అతని నెత్తిన మొట్టాలో తెలియలేదు. ఫోన్‌తో మొహమాటపడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. కొట్టాయన సెట్టింగుల్లోకి వెళ్లి, వేలితో కిందికి కిందికి జరిపి, చిన్న మీట ఒకటి పక్కకు తోశాడు. బోర్లా పెట్టి చేశాడు. బల్ల అదిరేటట్టు మోగింది. అన్నయ్య ఆయనకు రెండు చేతులూ జోడించాడు.

మర్నాడు పొద్దున నేను షాపు తెరవగానే కిటికీకి అతుక్కుపోయాను. కుట్టాల్సిన లంగా ఒకటి మిషన్ మీద అలాగే ఉంది. అన్నయ్య ఫోన్‌ను మళ్లీ గుడ్డ మీద బోర్లానే పెట్టాడు.

“ఇవాళ ఒక్కరోజు తిప్పి పెట్టకూడదా అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది,” అన్నాను.

“బాగైంది కదే,” అన్నాడు గానీ, చిత్రిక ముట్టుకోలేదు. ఒకే చెక్కను ఇటు తిప్పి, అటు తిప్పి కొలుస్తున్నాడు. మధ్యమధ్య గుడ్డ వైపు చూస్తున్నాడు. అతనికి భయంగా ఉందని తెలిసి నాకూ భయమేసింది. ఆవిడ కాదంటే మళ్లీ ఆ ‘బాగానే ఉన్నాను’ వినాలి.

ఫోన్ మోగింది. షెడ్డు రేకులు హోరెత్తాయి. ఆ మోతకు కొలబద్ద అన్నయ్య చేతిలోంచి జారి కిందపడింది. ఫోన్ తిప్పి, ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కాడు. ఆవిడ గొంతు పైకే వినపడింది. నేను చెవులు మూసుకోవాల్సింది, మూసుకోలేదు.

“ఇప్పటికి ఎత్తారా?”

“ఫోన్ పాడైందండీ. నిజంగానే పాడైంది. మా చెల్లినడగండి.”

“సరే, వినండి. మా అమ్మాయికి మీరు నచ్చారు. నాకూ ఇష్టమే.”

నేను కిటికీ చువ్వలు పట్టుకున్నాను. ఇప్పుడైనా ఈ మనిషి నాలుగు మంచి మాటలు అంటాడని ఎదురుచూస్తున్నాను.

“మొహమాటానికి అనడం లేదు కదండీ?” అన్నాడు మా అన్నయ్య.

ఆవిడ గొంతు ఈసారి మెల్లగా వచ్చింది.

“మొహమాటమే అయితే ఒక్కసారి చేసి, ఎత్తలేదు కదా అని హాయిగా ఊరుకునేదాన్ని. ఇన్నిసార్లు చేస్తానా?”

అన్నయ్య మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఫోన్‌లోంచి ఆవిడ “హలో, వినపడుతోందా? మళ్లీ పాడైందా?” అని అడుగుతూనే ఉంది.

“వినపడుతోందండీ,” అన్నాడు చివరికి. “బాగా వినపడుతోంది.”